నాలుక వేరు దగ్గర ఆగిపోయినది

నా గొంతు పూర్తిగా బాగైపోయిందని మా చర్చి సంఘంలో చాలామంది అనుకుంటున్నారు. అది సరైన మాట కాదు. మాట స్పష్టంగా వస్తోంది. ముద్ద ఇబ్బంది లేకుండా దిగుతోంది. కింది స్వరాలు, మధ్య స్వరాలు పూర్వం ఎలా పలికేవో అలాగే పలుకుతున్నాయి. పై రెండు స్వరాలు మాత్రం తిరిగి రాలేదు. పోయినదెంత, మిగిలినదెంత అన్నది తేల్చి చెప్పకపోతే నాకు తోచదు. నా ఉద్యోగం అలాంటిది. కాటేదాన్‌లోని ఒక చిన్న కర్మాగారంలో బాయిలర్లకు అమర్చే ప్రెషర్ గేజీలను సరిచూసి, తప్పు చూపేవాటిని సరిచేసి పంపుతుంటాను.

ఇది రాయడానికి కారణం మామిడిపల్లి నుంచి వచ్చిన ఒక తల్లి. తన కూతురికి నాలుక వెనక గడ్డ ఉందని, తీసేయించడానికి రోజు కూడా కుదిరిందని, నాకూ అలాంటిదే వచ్చిందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చానని అంది. చెప్పవలసిన ముఖ్యమైన మాట గుమ్మంలోనే చెప్పాను: థైరాయిడ్ గ్రంథి ఎక్కడుందో స్కాన్‌లో చూడకుండా ఆ గడ్డను కోయించవద్దని. మిగిలినది ఆ పిల్ల ఎదుట చెప్పలేకపోయాను. ఎందుకంటే మిగిలినదంతా గడ్డ గురించి కాదు, ఒక మనిషి మీద నాకున్న అసూయ గురించి. అది వదిలేసి ఈ అనుభవం చెబితే సగమే చెప్పినట్టవుతుంది. నన్ను కత్తి దాకా తీసుకుపోయింది జబ్బు కాదు, ఆ అసూయే.

1995

శంషాబాద్‌లో మా మందిరం బెంగుళూరు రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. రేకుల కప్పు, సున్నం గోడలు. పెద్దవాళ్ళలో చాలామందికి చదువు రాదు. అందుకని పాట పుస్తకం చూసి అందరూ ఒకేసారి పాడే పద్ధతి మాకు లేదు. ఒకరు చరణం ఎత్తుతారు, మిగతావాళ్ళు అందుకుని తిరిగి పలుకుతారు. ఎత్తే మనిషి ఎక్కడ మొదలుపెడితే అందరి గొంతులూ అక్కడే ఉండాలి. బాగా పైన ఎత్తితే చివరి చరణాలకు వచ్చేసరికి ముసలివాళ్ళు ఆగిపోతారు. మరీ కింద ఎత్తితే పాట కూర్చుండిపోతుంది. హార్మోనియం ఒకటి ఉంది కాని దాని తిత్తి చిరిగి చాలా కాలమైంది.

నేను పెళ్ళై అత్తింటికి వచ్చినప్పటి నుంచీ పాట ఎత్తేది నేనే. ఏ వాద్యం తోడూ లేకుండా ఒక్కో పాటను ప్రతిసారీ ఒకే చోట మొదలుపెట్టేదాన్ని. ఇది నా గొప్ప కాదు, విని సరిచూసుకున్న సంగతి. మా అత్తమ్మ మోకాళ్ళ నొప్పులతో మందిరానికి రాలేకపోయేది గనుక ఆదివారం పాటలను టేపు చేసి తెచ్చి ఆమెకు వినిపించడం మా ఇంటి అలవాటు. ఆ క్యాసెట్లన్నీ బీరువా పై అరలో వరుసగా ఉన్నాయి.

ఆ ఏడాది వేసవిలో రెండు జరిగాయి. నాకు రెండో కూతురు పుట్టింది. మా మరిదికి పెళ్ళయింది. మరిది భార్య పేరు కరుణ. తెనాలి వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన ఉద్యోగస్తుల కుటుంబం వాళ్ళది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ‘మీరు’ అనరు. ఆమె అందరినీ అంటుంది. అత్తమ్మకు అది మొదట్లో వింతగా ఉండేది. “నన్ను మీరు మీరు అంటే నా ఎనక ఇంకెవరన్న ఉన్నరా అని చూస్తున్న బిడ్డా” అనేది.

కరుణ మొదటి ఆదివారం ఆడవాళ్ళ వరుసల్లో చివర నిలబడి పాడింది. పాట ఎత్తే మనిషి సంఘానికి ఎదురుగా నిలబడుతుంది కాబట్టి ఎవరి తల ఎటు తిరిగిందో నాకు స్పష్టంగా కనిపిస్తుంది. తలలు వెనక్కి తిరిగాయి.

ఆమె గొంతు గురించి న్యాయంగానే చెబుతాను. పలుచగా, గట్టిగా, అంచు చెదరకుండా ఉంటుంది. అందులో లోపం కోసం నేను నెలల తరబడి వెతికాను. చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి కొంచెం తొందరగా తీసుకుంటుంది. దొరికింది అదొక్కటే.

ఆ చలికాలం నుంచి నా మాట మందమైంది. నోట్లో వేడి అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుండేది. గుటక వేస్తే లోపల ఏదో అడ్డుపడి దాటేది. ఎప్పుడూ చలిగా ఉండేది, కాళ్ళు బరువెక్కేవి. చంటిపిల్ల తల్లికి ఇవన్నీ మామూలేనని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. పనిలో ఉన్నంతసేపూ బుగ్గన కరక్కాయ పెట్టుకునేదాన్ని. అత్తమ్మ మాత్రం ఇంకొకటి అంది.

“నీ పాటకు ఎవరి కన్నో తగిలింది బిడ్డా.”

దిష్టి మాటలు మాట్లాడవద్దని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో. నేను నమ్మలేదు. నమ్మకుండానే అది ఎవరి కన్నో మనసులో నిర్ణయించుకున్నాను.

1996, వానాకాలం

ఒక ఆదివారం సాయంత్రం అత్తమ్మ టేపు వింటూ ముఖం చిట్లించింది.

“మార్తా, ఈ పాటేంది బిడ్డా? గొంగడి కప్పుకొని పాడినట్టున్నది.”

“టేపు పాతదైంది అత్తమ్మా. బెల్టు సాగినట్టున్నది.”

నేను అబద్ధం చెప్పలేదు. మా పనిలో మొదట నేర్పేది ఇదే: కొలత తేడాగా వచ్చినప్పుడు, కొలిచిన వస్తువును కాదు, కొలిచే పరికరాన్ని ముందు అనుమానించాలి. టేప్ రికార్డర్ బెల్టు సాగితే చక్రం నెమ్మదిస్తుంది, గొంతు బరువుగా వినిపిస్తుంది. హెడ్ మీద మట్టి పేరుకుంటే స్పష్టత పోతుంది. నేను దాన్ని పూర్తిగా విప్పాను. కొత్త బెల్టు వేశాను. హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచాను. చాలా శ్రద్ధగా చేశాను. ఆ శ్రద్ధలో సగం భయమని ఇప్పుడు తెలుస్తోంది.

తరువాతి ఆదివారం చంటిదానికి జ్వరం వచ్చి నేను మందిరానికి వెళ్ళలేదు. మా ఆయన సామేలు టేప్ రికార్డర్ తీసుకుపోయాడు. పాట కరుణ ఎత్తింది. సాయంత్రం ఆ క్యాసెట్ పెట్టగానే ఇల్లంతా తేటపడ్డట్టయింది. ఒక్కొక్క అక్షరం విడిగా, కడిగిన గాజుగ్లాసుల్లా వినిపించింది.

అత్తమ్మ సంతోషంగా నా వైపు తిరిగింది. “మిషన్ మంచిగైంది చూడు. నీ చేతుల పనితనమున్నది బిడ్డా.”

పరికరం సరిగ్గానే ఉంది. నేను చేసిన మరమ్మతే ఆ సంగతి రుజువు చేసింది. నన్ను ఇంతగా గాయపరిచిన మెచ్చుకోలు మరొకటి లేదు.

పాస్టరుగారు “నీ గొంతుకు కొన్నాళ్ళు విశ్రాంతి ఇయ్యమ్మా” అన్నారు. ఇచ్చాను. ఇక ప్రతి ఆదివారం కరుణే పాట ఎత్తేది, నేను టేపు చేసేదాన్ని. యంత్రం మీద ఎర్ర మీట నొక్కేటప్పుడు నా వేలు ఎంత గట్టిగా నొక్కేదో ఆమెకు తెలియదు. ఇంట్లో నా పెద్ద కూతురు ఆడుకుంటూ పాడుకునేటప్పుడు ఊపిరి తొందరగా తీసుకోవడం మొదలుపెట్టింది. అది నా దగ్గర నేర్చుకున్నది కాదు. “ఊపిరి నిదానంగా తీసుకో” అని పిల్లను గద్దించాను. పిల్లకు అర్థం కాలేదు. పక్కగదిలో ఉన్న కరుణకు అర్థమైందనుకుంటాను. ఆ రోజు ఆమె అన్నానికి ఆలస్యంగా వచ్చింది.

1996, నవంబరు

ముద్ద అడ్డుపడి ఉక్కిరిబిక్కిరైన రోజు సామేలు నన్ను ఊళ్ళోని ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోయాడు. డాక్టరు చిన్న అద్దాన్ని వేడిచేసి నాలుక వెనక్కి పెట్టి చూశాడు. నాలుక వేరు దగ్గర గుండ్రంగా, ఎర్రగా, రేగుపండంత గడ్డ ఉందన్నాడు.

చాలామంది ఆ మాట వినగానే కుంగిపోతారు. నాకు కలిగింది సంతోషం. తప్పు ఎక్కడుందో దొరికింది. దొరికిన తప్పును తీసేయవచ్చు.

“తీసేస్తే పాడగలనా?”

“ఎందుకు పాడలేరు? ఈ నెలలో చేయించుకుంటే క్రిస్మస్‌కు పాడొచ్చు.”

నేను ఆయనను గడ్డ ఏమిటని అడగలేదు. అక్కడెందుకుందని అడగలేదు. గేజీలో ఒక భాగం తీసే ముందు అది ఏం పని చేస్తోందో తెలుసుకోకుండా నేను ఏనాడూ స్క్రూ తిప్పలేదు. ఆ రోజు మాత్రం నా తలలో ఒకే లెక్క ఉంది. క్రిస్మస్‌కు ముందు మా సంఘం ట్రాక్టరు ట్రాలీలో మామిడిపల్లి, బడంగ్‌పేట్ దాకా ఇల్లిల్లూ తిరిగి పాడుతుంది. ముందు నిలబడి పాట ఎత్తేది ఎవరన్నదే ఆ లెక్క.

సామేలు ఆర్టీసీలో డ్రైవరు. ఇంటికి వచ్చే దారిలో నెమ్మదిగా అన్నాడు. “ఇంకో తాన గూడ చూపెడదాం మార్తా. బండి ఇంజన్ విప్పాలన్నా నేను ఇద్దరు మెకానిక్‌లను అడుగుత. ఇది నీ నాలుక.”

“నాలుక కాదు, నాలుక మీది గడ్డ.”

“ఏదైతేంది. కోసేది నిన్నే కద.”

ఆయన మనశ్శాంతి కోసం నగరంలోని పెద్ద దవాఖానకు వెళ్ళాను. నాకు కావలసింది అవుననే మాట ఒక్కటే.

చెవి ముక్కు గొంతు విభాగం బయట పొడవాటి హాలు. బల్లల మీద చోటు లేక గోడలకు ఆనుకుని కూర్చున్నాం. మెడ ముందు వాపుతో వచ్చిన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. నా పక్కన ఉన్న ఆమెది బుద్వేల్. ఆమె మెడ నిండా గడ్డ.

“నీకు ఎక్కడుందక్కా? కనవడ్తలేదు” అంది.

“లోపల. నాలుక ఎనక.”

“మంచిగున్నవ్. నలుగురికి కనవడది.”

తన కొంగులోంచి జామకాయ తీసి సగం విరిచి ఇచ్చింది. నాకు మింగడం కష్టమని చెబితే, నమిలి రసం మింగి పిప్పి ఉమ్మేయమంది. అలాగే చేశాను. ఆ హాలులో అదొక్కటే నా గొంతు దిగింది.

డాక్టరు నా వయసే ఉన్న స్త్రీ. అద్దం పెట్టి చూసింది. తరువాత ఎందుకో నా వెనక్కి వచ్చి నిలబడి మెడ ముందు భాగాన్ని వేళ్ళతో తడిమింది. నీళ్ళు మింగమంది. మళ్ళీ తడిమింది. మళ్ళీ మింగమంది.

“చలి ఎక్కువగా ఉంటుందా మీకు? జుట్టు రాలుతోందా?”

“అవునండీ.”

“థైరాయిడ్ గ్రంథి ఇక్కడ ఉండాలి. నా చేతికి తగలడం లేదు.” ఆమె ముందుకు వచ్చి కూర్చుని చెప్పింది. “బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఈ గ్రంథి నాలుక వేరు దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి కిందికి దిగి మెడలో కుదురుకుంటుంది. చాలా అరుదుగా కొందరిలో దిగదు, మొదలైన చోటే ఆగిపోతుంది. మీ గడ్డ అదేనేమోనని నా అనుమానం. అదే అయితే మీ ఒంట్లో ఉన్నది అదొక్కటే కావచ్చు. స్కాన్ చూసేదాకా ఎవరి కత్తినీ దాని జోలికి రానివ్వకండి.”

ఆమె విద్యార్థులను పిలిచింది. తెల్ల కోట్లు వేసుకున్న పిల్లలు వరుసగా నిలబడి ఒకరి తరువాత ఒకరు నా నోట్లోకి చూశారు. ఒక అమ్మాయి “పుస్తకంలో చూడటమే గానీ” అని పక్కవాడితో గుసగుసలాడింది. ఎన్నో నెలల తరువాత నా గొంతు కోసం జనం వరుసకట్టారు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది: ఆ క్షణంలో నాకు కరుణ గుర్తొచ్చింది, ఆమెకు లేనిది నాకొకటి ఉందనిపించింది.

స్కాన్‌కు జనవరిలో రమ్మన్నారు.

“క్రిస్మస్ లోపల కుదరదా?”

“క్రిస్మస్ ప్రతి ఏడాదీ వస్తుందమ్మా” అంది డాక్టరు.

1996, డిసెంబరు

నేను ఆగదలచుకోలేదు. వాదన కూడా సిద్ధం చేసుకున్నాను. చేతి వేళ్ళు కొలిచే పరికరాలు కావు. తగలనంత మాత్రాన లేదని రుజువు కాదు. ఆమె చెప్పింది అనుమానమే కాని నిర్ణయం కాదు. ప్రతి వాక్యమూ విడిగా చూస్తే సరైనదే. తెలివి అసూయకు కూలిపని చేస్తే వాక్యాలు అంత చక్కగా కుదురుతాయి. నర్సింగ్ హోమ్‌లో రోజు తీసుకున్నాను. సామేలు కోపంతో రెండు పూటలు ఇంట్లో అన్నం తినలేదు. “నువ్వు చదువుకున్నదానివి, ఇగ నీ ఇష్టం” అన్నాడు.

ఆపరేషన్‌కు ముందు ఆదివారం మధ్యాహ్నం పండుగ పిండివంటలకు కూర్చున్నాం. అత్తమ్మ మంచం మీద కూర్చుని ఎండుకొబ్బరి కోరుతోంది. నేను పూరీలు వత్తుతున్నాను. కరుణ వాటిలో పొడి పెట్టి అంచులు మడుస్తోంది. మేం వాటిని గరిజెలంటాం, ఆమె కజ్జికాయలంటుంది.

“అక్కా, ఆ స్కాన్ అయ్యాక చేయించుకుంటే ఏమవుతుంది?” అంది కరుణ, చేతిలోని పనిమీదనే చూపుంచి.

“ఏమైతది? క్రిస్మస్ అయిపోతది. నువ్వు పాడుతవు.”

“నేను పాడటం మీకు ఇష్టం లేదా?”

“నాతోటి ఏం పని? ఊరంతటికి ఇష్టమే కద. మొన్న కూరగాయలామె గూడ అడిగింది, మీ యారాలు ఈసారి మా గల్లీకి వస్తదా అని. నా గొంతు గురించి నీకెందుకు రంది? అది పోతే నీకే లాభం.”

“మార్తా,” అంది అత్తమ్మ. “పండుగ పిండి ముందర కూసున్నవ్. నోరు జర భద్రం.”

కరుణ చేతిలోని కజ్జికాయ అంచు చివరిదాకా మడిచి పళ్ళెంలో పెట్టింది. ఆ అంచు మడతలు కూడా నావాటికంటే సమంగా వస్తాయి.

“అయితే ఈ క్రిస్మస్‌కి నేను పాడను. పాస్టరుగారికి ఇవాళే చెబుతాను. ఇప్పుడు చెప్పండి, మీరు ఎవరికోసం తొందరపడాలి?”

“నువ్వు పాడకపోతే పాట ఎవరెత్తుతరు?”

“ఎవరో ఒకరు. లేకపోతే ఎవరూ ఎత్తరు. మీరు జనవరి దాకా ఆగుతారా, ఆగరా, అది చెప్పండి.”

అత్తమ్మ కొబ్బరి కోరడం ఆపింది. నేను పూరీ వత్తుతూనే ఉన్నాను. అది పలుచబడి పీటకు అంటుకుపోయింది.

ఆగుతానని నేను నోటితో అనలేదు. కాని ఆ వారం నర్సింగ్ హోమ్‌కు వెళ్ళలేదు. పందెంలో ఎదుటి మనిషి పక్కకు తప్పుకుని నిలబడితే పరుగెత్తడానికి కారణం మిగలదు. నాకు కృతజ్ఞత కలిగి ఉండాలి. కలిగింది మరింత అసూయ. ఇన్నాళ్ళూ గొంతులోనే పైన ఉందనుకున్నాను. మంచితనంలోనూ నాకంటే పైన మొదలుపెట్టింది.

ఆ క్రిస్మస్ పాటలు పాస్టరుగారు ఎత్తారు. మంచి మనిషి, కాని ఆయన గొంతుకు నిలకడ లేదు. మొదటి పాటే ఎంత పైన ఎత్తారంటే మూడో చరణానికి ఒక్కొక్కరే మానుకున్నారు. చివరికి ఆయన ఒక్కరే మిగిలి, దగ్గి, “ప్రార్థన చేసుకుందాం” అన్నారు. వెనక ఎవరో నవ్వారు. బయటికి వస్తుంటే అందరూ కరుణను చుట్టుముట్టారు. “ఏమైందమ్మా, ఎందుకు పాడలే?” అని. ఆమె “గొంతు బాగాలేదండీ” అంది. నన్ను ఎవరూ అడగలేదు. నేను పాడకపోవడం అప్పటికే అందరికీ అలవాటైపోయింది.

1997, జనవరి

చేతికి సూదిమందు ఎక్కించి, కొంతసేపు కూర్చోబెట్టి, పెద్ద యంత్రం కింద కదలకుండా పడుకోమన్నారు. నొప్పి లేదు. చల్లటి గది. యంత్రాన్ని చూస్తే నాకు ధైర్యం వస్తుంది. దానికి ఎవరి మీదా ప్రేమ ఉండదు, కోపమూ ఉండదు.

డాక్టరు ఆ చిత్రాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూపింది. గడ్డం ఇక్కడ, మెడ ఇక్కడ అని గుర్తులు చూపింది. మందును పీల్చుకున్న చోట చుక్కలు దట్టంగా కనిపిస్తాయట. మెడలో గ్రంథి ఉండవలసిన చోట ఏమీ లేదు. ఖాళీ. పైన, నాలుక వేరు దగ్గర, ఒకే ఒక్క దట్టమైన మచ్చ.

“ఇదొక్కటే,” అంది. “కోసేసి ఉంటే మీకు ఇక థైరాయిడ్ అన్నదే ఉండేది కాదు. ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు కూడా. ఒళ్ళంతా మందగించి, ఎందుకో తెలియక మళ్ళీ ఇక్కడికే వచ్చేవారు. అక్కడ రక్తనాళాలు ఎక్కువ, చిన్న ఆసుపత్రిలో కోస్తే రక్తస్రావం ఆగకపోవచ్చు.”

“మరి ఇప్పుడు?”

“పాపం, ఇన్నేళ్ళూ అది తనకు చేతనైనంత పని చేసింది. కాన్పుతో మీ ఒంటికి అవసరం పెరిగింది. అది సరిపెట్టలేక ఉబ్బింది. రోజూ ఒక మాత్ర ఇస్తాను. దాని పని మాత్ర చేస్తే అది తగ్గుతుంది. మాత్ర మాత్రం మానకూడదు.”

నేను తీసిపారేయాలని తొందరపడింది నన్ను పుట్టుక నుంచీ నడిపించినదాన్ని. ఉండవలసిన చోట లేదన్నదే దాని నేరం.

ఇంట్లో చెప్పగానే అత్తమ్మ అంది: “పుట్టినకాడ్నే కూసున్నదా? ఎంత సోమరిదే అది.”

“సోమరిది కాదమ్మా,” అన్నాడు సామేలు. “డిపో దాటకుండనే సర్వీసు నడిపింది.” నెలల తరువాత ఆయన నవ్వడం అప్పుడే చూశాను. ఆ నవ్వు మధ్యలో ముఖం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

కరుణ గోడకు ఆనుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. నా గడ్డకు ఆమె ఎందుకు ముందుగా ఏడవాలి అనిపించింది. ఇది కూడా దాచకుండా రాస్తున్నాను.

1997, ఆ తరువాత

పరగడుపున మాత్ర వేసుకుంటున్నాను. మొదట చలి తగ్గింది. తరువాత కాళ్ళ బరువు తగ్గింది. వేసవి ముగిసేసరికి ముద్ద అడ్డం లేకుండా దిగింది. మాటలోని మందం పోయింది. అసూయ మాత్రం అదే వేగంతో తగ్గలేదు. దానికి మాత్ర రాసివ్వమని డాక్టరును అడగలేదు గాని, అడగాలనిపించింది.

దసరా వెళ్ళాక పాస్టరుగారు ఒక ఆదివారం నన్నే పాట ఎత్తమన్నారు. కరుణ తనంతట తానే వెనక్కి వెళ్ళి నిలబడింది. నేను నా పాత చోటే మొదలుపెట్టాను. పల్లవి బాగానే వచ్చింది. చరణంలో పైకి వెళ్ళే చోట, చివరి రెండు స్వరాల దగ్గర, గొంతు చీలింది. ఒకసారి కాదు, ప్రతి చరణంలోనూ. ఎదురుగా నిలబడ్డాను కాబట్టి అందరి ముఖాలూ కనిపించాయి. అందరూ జాలిగా చూశారు, కరుణ తప్ప. ఆమె తల వంచుకుని వింటోంది, ఎక్కడ చీలిందో గుర్తు పెట్టుకుంటున్నట్టు. లోపం వెతుకుతోందనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని.

ఇక నువ్వే ఎత్తు అని ఆమెకు చెప్పేశాను.

ఆ క్రిస్మస్‌కు కరుణ పాట ఎత్తింది. నేను ఆడవాళ్ళ మొదటి వరుసలో, టేప్ రికార్డర్ పక్కన నిలబడి అందుకున్నాను. పైకి వెళ్ళే చోటు వస్తుంటే ధ్యాసంతా నా గొంతు మీదే పెట్టాను. గొంతు చీలలేదు. రెండో చరణంలోనూ చీలలేదు. పాట చివరిదాకా, తరువాత పాటలోనూ, అన్ని స్వరాలూ అందాయి. పోయినవి తిరిగి వచ్చాయనుకున్నాను. మందిరంలో నిలబడే లెక్క వేసుకున్నాను: ఈస్టర్ నాటికి పాట మళ్ళీ నాది.

సాయంత్రం అత్తమ్మకు ఆ క్యాసెట్ పెట్టాను. రెండు వాక్యాలు వినగానే నా చెవికి ఏదో తేడా తగిలింది. పాట ఉండవలసిన చోటికంటే కిందుగా ఉంది. బెల్టు సాగిందనుకున్నాను. బీరువా పై అర నుంచి అదే పాట ఉన్న నా పాత క్యాసెట్ ఒకటి తీసి అదే యంత్రంలో పెట్టాను. నా గొంతు ఉండవలసిన చోటే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. కరుణ క్యాసెట్ మళ్ళీ పెట్టాను. అది రెండు స్వరాలు కింద ఉంది. సరిగ్గా రెండు.

వంటింట్లో ఆమె పిల్లలకు అన్నం కలుపుతోంది.

“పాట గంత కిందికి ఎందుకెత్తినవ్?”

“జలుబు చేసిందక్కా,” అంది, నా వైపు చూడకుండా.

ఆమెకు జలుబు లేదు. ఆ ఎత్తులో ఆమె గొంతు మెరవదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఎప్పుడూ ఆమెను మెచ్చుకునేవాళ్ళు ఆ రోజు ఏమీ అనకుండా ఇళ్ళకు వెళ్ళారు. ఎందుకు అనలేదో వాళ్ళకే తెలియదు. ఆమె ఏం వదులుకుందో ఆ మందిరం మొత్తంలో విని పట్టుకున్న చెవి నాదొక్కటే. నాకు ఆమెకంటే మెరుగైనది ఏదన్నా ఉందంటే ఆ చెవే. నాకదే చాలుననుకున్నాను. చాలలేదు.

“నీ ఊపిరి,” అన్నాను. “చరణం ముందర తొందరగా తీస్తున్నవ్. జర నిదానంగా తియ్యి. ఇంకా మంచిగుంటది.”

కరుణ చెయ్యి అన్నంలో ఆగింది. “ఇన్నాళ్ళూ చెప్పలేదేం అక్కా?”

నేను పిల్లల కంచాలు తీసి ఆమె ముందు పెట్టాను. తరువాతి ఆదివారం ఆమె ఊపిరి నిదానంగా తీసుకుని, మళ్ళీ ఆ కింది చోటే పాట ఎత్తింది. నేను ఎర్ర మీట నొక్కి, అందుకున్నాను.